రోగం అందరిదీ, వైకల్యం పౌరులది

పాత కువైట్‌లో సంవత్సరాలకు అంకెలకన్నా ఆపదలే ఎక్కువ పేర్లు పెట్టాయి. ఇన్‌ఫ్లూయెంజా ఇంటింటా ప్రాణాలు తీసిన 1918-19 కాలాన్ని ‘కరుణ సంవత్సరం’ అన్నారు. పోయినవారిని దైవం కరుణించుగాక అనే ప్రార్థనే ఆ ఏడాదికి పేరయింది. 1932 ‘మశూచి సంవత్సరం’. 1934 మట్టి ఇళ్లను నేలకూల్చిన వాన సంవత్సరం. ధాత కరువు అంటూ ఏడాది పేరుతోనే కరువును తలుచుకునే తెలుగువారికి ఈ లెక్క కొత్తగా తోచదు. అయితే ఈ పేర్లన్నీ చచ్చిపోయినవారిని, కూలిపోయినవాటిని గుర్తుపెట్టుకున్నవి. మశూచినుంచి బతికి బయటపడి కళ్లు పోగొట్టుకున్నవారిని ఏ సంవత్సరమూ తన పేరులో కలుపుకోలేదు. మహమ్మారుల చరిత్రలో మరణాల పట్టిక ఎప్పుడూ మొదటి పుటలో ఉంటుంది, మిగిలిపోయినవారి వైకల్యం ఎక్కడో అనుబంధంలో ఉంటుంది, అది కూడా ఉంటేనే.

ఆ అనుబంధాన్ని కువైట్‌లో కొంతవరకు కవులు రాశారు. ఆధునిక కువైట్ కవిత్వానికి తొలి తరం పెద్దల్లో ఒకడైన సఖర్ అల్ షబీబ్ చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్నాడు. పేదరికంలో, జనానికి దూరంగా, ఇంటి నాలుగు గోడల మధ్య ఎక్కువ కాలం గడిపి 1963లో కన్నుమూశాడు. వెయ్యేళ్లనాటి అంధ కవి అబుల్ అలా అల్ మఅర్రీతో అతణ్ని పోల్చడం అక్కడి విమర్శకులకు అలవాటు. అతని తర్వాతి తరంవాడు ఫహద్ అల్ అస్కర్. సంప్రదాయాన్ని ఎదిరించి ఇంటివారికి దూరమయ్యాడు, చివరి ఏళ్లలో చూపు పోయింది, 1951లో క్షయతో మరణించాడు. అతని కవితల్లో చాలా భాగాన్ని బంధువులే కాల్చేశారు. మిగిలినవాటిని మిత్రుల నోళ్లనుంచి, కాగితాలనుంచి ఏరి అబ్దుల్లా జకరియా అల్ అన్సారీ 1956లో పుస్తకంగా తెచ్చాడు. కువైట్ సాహిత్యం గురించి చదవదలచినవారు మొదట తెరవవలసిన పుస్తకాల్లో అది ఒకటి. ఈ ఇద్దరి జీవితాల్లోనూ రాజ్యం అనే పాత్ర దాదాపు కనిపించదు. అంధుడికి బడి లేదు, భృతి లేదు, చట్టం లేదు. ఉన్నవి కుటుంబం, మసీదు, దయగల మిత్రులు. కుటుంబం వెలివేస్తే మిగిలేది మిత్రులే.

రాజ్యం లేని ఆ రోజుల్లో వైద్యం మాత్రం ఒకటి వచ్చింది. అమెరికన్ మిషన్ తరఫున 1912లో కువైట్‌లో అడుగుపెట్టిన డాక్టర్ ఎలెనార్ కాల్వర్లీ ఆ పట్టణపు స్త్రీలకు తొలి ఆధునిక వైద్యురాలు. 1958లో ప్రచురించిన తన జ్ఞాపకాల్లో ఆమె చూపించే కువైట్‌లో ఇసుక, ఈగలు, పొగ, కంటిజబ్బులు విడదీయరానివి. పురుషుల ఆసుపత్రి నడిపిన డాక్టర్ మైల్రీ కూడా జ్ఞాపకాలు రాసిపెట్టాడు. ఈ రచనల్లో మిషనరీ ధోరణి ఉంది, అరబ్బుల అలవాట్లపై తొందరపాటు తీర్పులూ ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటగా తెలుస్తుంది. ఆ ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డవాడు ఎడారి బెడూయినా, ఇరాన్ కూలీయా, ఓడలో వచ్చిన నావికుడా అన్న ప్రశ్నకు అప్పట్లో అర్థమే లేదు. పౌరుడు అనే మాట ఇంకా పుట్టలేదు. 1949లో ప్రభుత్వం అమీరీ ఆసుపత్రిని తెరిచింది. నూనె డబ్బుతో ఆసుపత్రులు పెరిగాయి, భారతదేశం నుంచి నర్సులు, డాక్టర్లు వచ్చారు. ఆ తొలి దశాబ్దాల్లో కువైట్‌లో నివసించేవారందరికీ వైద్యం దాదాపు ఉచితంగానే అందింది. విదేశీయులకు తప్పనిసరి ఆరోగ్య బీమా, రుసుములు పెట్టిన చట్టం 1999లోగాని రాలేదు.

పౌరుడు అనే మాట 1962 రాజ్యాంగంలో స్థిరపడింది. ఆ రాజ్యాంగంలో ఈ విషయానికి సంబంధించిన అధికరణాలు మూడు ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. 11వ అధికరణం వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, పని చేయలేని స్థితిలో ‘పౌరులకు’ రాజ్యం సాయం చేస్తుందని చెబుతుంది. 15వ అధికరణం ప్రజారోగ్యాన్ని, రోగాల, మహమ్మారుల నివారణను, చికిత్సను రాజ్యం పట్టించుకుంటుందని చెబుతుంది. అక్కడ పౌరుడి ప్రస్తావన లేదు. 29వ అధికరణం మానవ గౌరవంలో ‘మనుషులు’ అందరూ సమానులంటుంది. ఒకే పత్రం, ఒకే కాలం, వేర్వేరు నామవాచకాలు. రాసినవారు ఇంత లెక్క వేసి రాశారో లేదో గాని, తర్వాతి అరవై ఏళ్ల కథ ఈ తేడా గీసిన గీతమీదే నడిచింది. మహమ్మారి గాలిలో వస్తుంది, పాస్‌పోర్టు అడగదు, కనుక దాన్ని ఆపడానికి అందరినీ లెక్కలోకి తీసుకోవాలి. వైకల్యం అంటుకోదు. అంటుకోనిదాన్ని లెక్కపెట్టకపోయినా ఊరికి ప్రమాదం లేదు.

పౌరుల పరిధిలో మాత్రం కువైట్ చేసింది తక్కువేమీ కాదు. అంధులకు, బధిరులకు ప్రత్యేక పాఠశాలలు 1950ల నుంచే మొదలయ్యాయి. 1971లో వికలాంగుల సంరక్షణకు స్వచ్ఛంద సంఘం ఏర్పడింది. ఇరాకీ ఆక్రమణ ముగిసిన కొన్నేళ్లకు, 1996లో, వికలాంగుల కోసం విడిగా తొలి చట్టం వచ్చింది. దాని స్థానంలో 2010లో వచ్చిన 8వ నంబరు చట్టం అరబ్ దేశాల్లో ఉదారమైన వాటిలో ఒకటి. నెలనెలా భృతి, ఇంటికి, చదువుకు, పరికరాలకు సాయం, కనీసం యాభైమంది కువైటీలున్న సంస్థల్లో నాలుగు శాతం ఉద్యోగాలు, వికలాంగుడికీ, వికలాంగ బిడ్డను చూసుకునే ఉద్యోగికీ పనివేళల్లో తగ్గింపు, ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. వీటిని అమలుపరచడానికి వికలాంగుల వ్యవహారాలకు ప్రత్యేక ప్రభుత్వ సంస్థ వెలిసింది. ఇదే చట్టపు రెండో అధికరణం అది ఎవరికి వర్తిస్తుందో చెబుతుంది: కువైటీలకు, విదేశీయుణ్ని పెళ్లాడిన కువైటీ స్త్రీకి పుట్టిన వికలాంగ సంతానానికి, అదీ వైద్యం, విద్య, ఉపాధి మేరకే. దేశ జనాభాలో మూడింట రెండు వంతులు దాటి ఉన్న విదేశీయులు ఆ వాక్యం బయట మిగిలారు.

2013లో కువైట్ ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో చేరింది. విచిత్రమేమంటే, ఆ ఒడంబడికలో కూడా ఈ చర్చకు ప్రాణమైనది 11వ అధికరణమే. ప్రమాద సమయాల్లో, విపత్తుల్లో వికలాంగుల రక్షణకు అన్ని చర్యలూ తీసుకోవాలని అది దేశాలను ఆదేశిస్తుంది. అక్కడ పౌరుడు అన్న షరతు లేదు. 2019లో ఆ ఒడంబడిక కమిటీ కువైట్ తొలి నివేదికను పరిశీలించి, పౌరులు కానివారిని చట్టం వదిలేయడంపై ఆందోళన తెలిపింది. ఆ మాటకు జవాబు తయారయ్యే వ్యవధి కూడా లేకుండా మహమ్మారి వచ్చిపడింది.

2020 ఫిబ్రవరి 24న ఇరాన్‌లోని మష్హద్ నుంచి వచ్చిన ప్రయాణికుల్లో తొలి కోవిడ్ కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాతి రెండు రోజులు జాతీయ దినోత్సవం, విముక్తి దినోత్సవం; జెండాలు కట్టిన వీధుల్లోనే భయం మొదలైంది. మార్చి 1 నుంచి బడులు మూతపడ్డాయి. మార్చి 12 నుంచి ప్రభుత్వ కార్యాలయాలు, 13 నుంచి ప్రయాణికుల విమానాలు ఆగాయి. 22 నుంచి సాయంత్రం ఐదు మొదలు తెల్లవారుజాము నాలుగు దాకా కర్ఫ్యూ. ఏప్రిల్ 6న విదేశీ కార్మికులు కిక్కిరిసి ఉండే జలీబ్ అల్ షుయూఖ్, మహబూలా ప్రాంతాలను చుట్టూ మూసేశారు. అవి తెరుచుకునేసరికి జూలై వచ్చింది. మే 10 నుంచి 30 దాకా దేశమంతటా పూర్తి కర్ఫ్యూ. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు ఇంటి చుట్టుపక్కల నడవవచ్చు, బండి తీయకూడదు. సరుకులకు ఆరు రోజులకొకసారి ఇంటర్నెట్‌లో సమయం తీసుకుని, ఫోన్‌లో వచ్చిన గుర్తు చూపించి జమియాకు వెళ్లాలి.

జమియా అంటే పేటపేటకూ ఉండే సహకార దుకాణం. 1962 నుంచి కువైట్ సంసారాలు దానిమీదే నడుస్తున్నాయి. కువైట్‌లో పనిచేసిన కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల వారికి ఆ మాట ఇంటిమాటే. అంతవరకు అది నడిచి వెళ్లే చోటు, తెలిసిన ముఖాలుండే చోటు. చూపు లేనివాడు గొంతుతో, వినికిడి లేనివాడు వేలితో చూపించి కావలసింది తెచ్చుకునే చోటు. ఇప్పుడు దాని గుమ్మం ఫోన్ తెరమీదకు మారింది. ప్రభుత్వ కార్యాలయాలు మళ్లీ తెరుచుకున్నప్పుడు కూడా ముందుగా ఆన్‌లైన్‌లో సమయం తీసుకోవడమే నియమమైంది. ఆ పద్ధతి తప్పని అనడానికి లేదు, గుంపులు కూడకుండా అది ఆపింది. కాని క్యూలో నిలబడలేనివాడికి మేలు చేసిన ఆ తెరే తెర చదవలేనివాడికి గోడ అయింది. వికలాంగులు అనే ఒక్క మాట కింద ఎన్ని రకాల అవసరాలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయో సేవల్ని రూపొందించేవారు సాధారణంగా ఇలాంటి ఆపదలోనే తెలుసుకుంటారు. (ఆ మాటకు బదులు ‘దివ్యాంగులు’ అని, ‘విభిన్న ప్రతిభావంతులు’ అని కొత్త పేర్లు పెట్టే ఉత్సాహం తెలుగునాట ఎక్కువ. ఆసుపత్రి ముందు ఏటవాలు దారి కట్టడంకన్నా పేరు మార్చడం చౌక.)

విదేశాలనుంచి తిరిగొచ్చి ఇంట్లో క్వారంటైన్‌లో ఉండేవారికి ప్రభుత్వం ‘శ్లోనిక్’ అనే యాప్ పెట్టింది. కువైటీ అరబ్బీలో ఆ మాటకు ‘ఎలా ఉన్నావు’ అని అర్థం. అక్షరాలా చూస్తే ‘నీ రంగేమిటి’ అని. చేతికి పట్టీ, దానితో ఫోన్‌కు ముడి, ఉన్నచోటు నిరంతరం నమోదు, అడిగినప్పుడల్లా తన ఫొటో తీసి పంపడం. 2020 జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ దీన్ని ప్రపంచంలోకెల్లా గోప్యతను ఎక్కువగా ఉల్లంఘించే కోవిడ్ యాప్‌లలో చేర్చింది. విమర్శ అంతా గోప్యత చుట్టూనే తిరిగింది. చూపు లేనివాడు చట్రంలో తన ముఖం పడిందో లేదో ఎలా తెలుసుకోవాలి, చేతులు వణికేవాడు ఫోన్‌ను ఎలా నిలపాలి అన్న చిన్న ప్రశ్నలు ఆ పెద్ద చర్చలో వినిపించలేదు. తర్వాత టీకా వేసుకున్నవారిని గుర్తించడానికి వచ్చిన ‘ఇమ్యూన్’ యాప్ మనిషి స్థితిని ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లోనే చెప్పింది. 2021 జూన్ 27 నుంచి టీకా లేనివారికి పెద్ద మాల్స్‌లోకి, హోటళ్లలోకి ప్రవేశం ఆగిపోయినప్పుడు ‘నీ రంగేమిటి’ అన్న పలకరింపు గుమ్మం దగ్గరి ప్రశ్నగా మారింది.

మాస్కుల సంగతి వైద్యులకు తెలిసిందే. బధిరుడికి ఎదుటివాడి పెదవులు సగం భాష. ఆ సగాన్ని అన్ని ఆసుపత్రుల్లో, అన్ని కౌంటర్లలో ఒక్కరోజులో కప్పేశారు. అంధుడికి స్పర్శ సగం చూపు, దేన్నీ ముట్టుకోవద్దన్నారు. మేధోవికాసం మందగించిన బిడ్డకు రోజువారీ క్రమమే చికిత్స. ఆ క్రమం 2020 మార్చిలో తెగి, ప్రభుత్వ పాఠశాలలు 2021 అక్టోబరు 3న మళ్లీ తెరుచుకునేదాకా అతుక్కోలేదు. పందొమ్మిది నెలలు. ఎదిగే వయసులో వాగ్చికిత్స, వ్యాయామ చికిత్స లేకుండా గడిచిన పందొమ్మిది నెలల్లో బిగిసిన కీలు తెరపై పాఠాలతో వదలదు. ఈ నష్టం కువైట్‌కే ప్రత్యేకం కాదు. హైదరాబాద్‌లోనూ, లండన్‌లోనూ ఇదే జరిగింది.

కువైట్‌కే ప్రత్యేకమైనది వేరొకటి ఉంది. అక్కడి వికలాంగుడికి ప్రజాసేవలు అందేది ఏటవాలు దారులవల్లకన్నా, యాప్‌లవల్లకన్నా, ఒక మనిషివల్ల. చక్రాల కుర్చీని కారెక్కించేది, ఆసుపత్రిలో చీటీ తీసుకునేది, స్నానం చేయించేది, మందు వేళకు లేపేది ఇంట్లో పనిచేసే విదేశీ స్త్రీ, లేదా డ్రైవరు. ప్రభుత్వ సాయాల్లోనూ పనిమనిషికో డ్రైవరుకో ఇచ్చే మొత్తానికి చోటుంది. అంటే రాజ్యమే ఒప్పుకున్నట్టు: వైకల్యానికి సేవ అంటే ఇంకొకరి శరీరం. ఆ ఇంకొకరు చాలా ఇళ్లలో తెలుగు స్త్రీ. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు పల్లెల నుంచి, కోనసీమ లంకల నుంచి ఖాదిమ్ వీసామీద, అంటే 20వ నంబరు వీసామీద, దశాబ్దాలుగా వెళ్తున్నవారు. తెలుగు కథల్లో, పత్రికల్లో ఈ స్త్రీ హింసకు గురయ్యే బాధితురాలుగానో, డబ్బు పంపే త్యాగమూర్తిగానో కనిపిస్తుంది. పక్షవాతంతో పడిపోయిన ‘మామా’ను, అంటే యజమానురాలిని, ఇరవై ఏళ్లు ఎత్తి దించిన సంరక్షకురాలిగా, అరబ్బీలో మందుల పేర్లు, మోతాదులు ఒప్పచెప్పగల పరిచారికగా ఆమెను ఎవరూ సరిగా రాయలేదు. అది మన సాహిత్యంలో పెద్ద ఖాళీ.

ఆ స్త్రీ పనిని 2010 నాటి ప్రైవేటు కార్మిక చట్టం గుర్తించలేదు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి జీతంతో సెలవులు ఇచ్చింది. మరుసటి ఏడు కనీస వేతనం అరవై దీనార్లుగా నిర్ణయించారు. ఈ చట్టం ఆ ప్రాంతంలో ముందడుగేనని ఒప్పుకోవాలి. అయితే కర్ఫ్యూ పడ్డాక వారపు సెలవుకు అర్థం లేకపోయింది. శుక్రవారం మాలియా వీధుల్లో కలుసుకుని, ఇంటికి డబ్బు పంపి, ఊరి కబుర్లు చెప్పుకునే రోజు పోయింది. ఇంట్లోవారందరూ ఇంట్లోనే ఉన్నారు, బయటి చికిత్సకులు రావడం మానేశారు. వికలాంగుడి వ్యాయామం, చదువు, కాలక్షేపం, శుభ్రత అన్నీ ఆమె చేతుల్లోకే వచ్చిపడ్డాయి. సంరక్షకురాలికి జ్వరం వస్తే చక్రాల కుర్చీలోని మనిషి గతేమిటని అందరూ భయపడ్డారు. న్యాయమైన భయమే. ఆమె గతేమిటన్న ప్రశ్న తర్వాతిది.

ఇరవై ఏళ్లు మనిషిని ఎత్తి దించిన నడుము ఒక రోజు విరుగుతుంది. మెట్లమీద జారిపడటం, వేడినూనె, మధుమేహంతో పోయే చూపు, రక్తపోటు పెంచి తెచ్చే పక్షవాతం కొత్తవేమీ కావు. ఆ క్షణంనుంచి ఆమె కువైట్ చట్టం దృష్టిలో వికలాంగురాలు కాదు, పని చేయలేని విదేశీయురాలు మాత్రమే. వీసా పనితో ముడిపడింది, పని శరీరంతో ముడిపడింది. మామూలు రోజుల్లో ఇలాంటివారిని టికెట్టు కొని విమానం ఎక్కించేవారు. వైకల్యాన్ని దేశం దాటించేస్తే లెక్క సరిపోయేది. 2020 మార్చి చివరికి ఆ దారి కూడా మూసుకుంది, భారతదేశం కూడా విమానాలను ఆపేసింది. ఏప్రిల్‌లో కువైట్ అకామా లేనివారికి జరిమానా లేకుండా వెళ్లిపోయే అవకాశం ప్రకటించింది, భారతీయులకు 16 నుంచి 20 వరకు ఐదు రోజులు కేటాయించింది. పేరు నమోదుకు కేంద్రానికి స్వయంగా చేరుకోవాలి. టాక్సీలు లేని, కర్ఫ్యూ ఉన్న ఆ ఐదు రోజుల్లో నడవగలిగినవారు నడిచారు. ఆ తర్వాత విమానాలకోసం తాత్కాలిక శిబిరాల్లో వారాలు గడిపారు. ‘వందే భారత్’ కింద కువైట్ నుంచి హైదరాబాద్‌కు తొలి విమానం మే 9న వచ్చింది.

వచ్చిన తర్వాత మరో కథ. నలభై శాతం వైకల్యం ఉందని సదరం శిబిరంలో డాక్టర్లు రాసిస్తేనే ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను. ఆ రోజుల్లో అది నెలకు 3,000 రూపాయలు. మహమ్మారికి కొద్ది వారాల ముందు, 2020 ఫిబ్రవరి 1 నుంచి, ఆ పింఛనును ఇంటి గుమ్మంలోనే అందించడం మొదలైంది. రాజకీయాలు పక్కన పెట్టి చూస్తే, లాక్‌డౌన్ నెలల్లో మంచం దిగలేనివారికి ఇంత పనికొచ్చిన ఏర్పాటు మరొకటి లేదు. వేలిముద్ర బదులు ఫొటో చాలునని సడలించడం కూడా తెలివైన పనే. కాని అప్పటికే జాబితాలో ఉన్నవారికే ఆ గుమ్మం దగ్గరి సేవ. కొత్తగా పేరు ఎక్కాలంటే శిబిరం జరగాలి; కోవిడ్ వచ్చాక ఆ శిబిరాలే ఆగిపోయాయి. కువైట్ జాబితాలో లేని స్త్రీ కడప జాబితాలోనూ లేదు. కేంద్రప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా కింద ప్రమాదంవల్ల శాశ్వత వైకల్యం వస్తే పది లక్షల రూపాయలు ఇస్తారు. నడుమునొప్పి ప్రమాదం కాదు. పక్షవాతం కూడా కాదు.

ఇదే కాలంలో 15వ అధికరణం తన పని తాను చేసింది, అదీ ఘనంగానే. 2018లో కువైటీలకు మాత్రమేనని తెరిచిన జాబర్ అల్ అహ్మద్ ఆసుపత్రి కోవిడ్‌కు ప్రధాన ఆసుపత్రి అయింది, ‘మాత్రమే’ అన్న మాట కొన్నాళ్లపాటు పక్కకు తప్పుకుంది. 2020 డిసెంబరు 24న మిష్రిఫ్ ప్రదర్శనశాలలో టీకాలు మొదలయ్యాయి. పౌరుడికీ, అతని డ్రైవరుకూ, ఇంట్లో వంటచేసే స్త్రీకీ అదే టీకా, అదీ ఉచితంగా. ఆ విశాలమైన శాలలో చక్రాల కుర్చీలో కూర్చున్న కువైటీ వృద్ధురాలూ, ఆ కుర్చీ నెట్టుకొచ్చిన తెలుగు స్త్రీ కూడా ఒకే వరుసలో భుజం చూపించారు. మహమ్మారి దృష్టిలో వారిద్దరూ రెండు శరీరాలు, అంతే. టీకా పత్రంలో ఇద్దరికీ ఒకే ముద్ర పడింది.

కుర్చీ నెట్టే ఆమె మోకాళ్లకు చికిత్స మాత్రం ఆ శాలలో దొరికేది కాదు. 2017 అక్టోబరు నుంచే విదేశీయులకు పేట క్లినిక్‌లో చీటీ రెండు దీనార్లు, ఆసుపత్రి అవుట్‌పేషెంట్ విభాగంలో పది దీనార్లు అయింది. టీకాల ఉద్యమం ముగిసి, యాప్‌ల రంగులు చెరిగిపోయి, ఆంక్షలన్నీ ఎత్తేశాక, 2022 డిసెంబరులో మందులకు విడిగా రుసుము వచ్చింది. క్లినిక్‌లో ఐదు దీనార్లు, ఆసుపత్రిలో పది. అదీ విదేశీయులకే.